తల ఊపే ఇంగ్లీషు, అడిగే ఇంగ్లీషు

(ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ఈ సాయంత్రం మాట్లాడుకునేది అమెరికాలో వలస కార్మికులకు పనిచోటనే జరిగే ఇంగ్లీషు క్లాసుల గురించి. హోటల్లో గదులు సర్దేవాళ్లు, ఆసుపత్రి వంటశాలలో ట్రేలు నింపేవాళ్లు, రాత్రిళ్లు ఆఫీసు భవనాలు తుడిచేవాళ్లు, వీళ్ల కోసం ఒక యూనియనూ ఒక కాలేజీ కలిసి నడిపే క్లాసులు. మీలో శనివారాలు పెద్దవాళ్లకు ఇంగ్లీషు చెప్పేవాళ్లున్నారు, యూనియన్ పని చేసేవాళ్లూ ఉన్నారు. అందుకని ఉపోద్ఘాతం తగ్గిస్తాను. ఒక పాత పాఠంతో మొదలుపెడతాను.

1912 ప్రాంతంలో ఇంటర్నేషనల్ హార్వెస్టర్ అనే వ్యవసాయ యంత్రాల కంపెనీ తన ఫ్యాక్టరీలోని పోలిష్ కూలీలకు ఇంగ్లీషు నేర్పడానికి పాఠాలు రాయించింది. మొదటి పాఠం ఇలా మొదలవుతుంది: "ఐ హియర్ ద విజిల్. ఐ మస్ట్ హర్రీ." కూత వినపడింది, నేను త్వరపడాలి. అక్కడి నుంచి గేటు దగ్గర బిళ్ల తీసుకోవడం, బట్టలు మార్చుకోవడం, కూత కూసేదాకా పనిచేయడం, చోటు శుభ్రంగా పెట్టి ఇంటికి పోవడం. చిన్న వాక్యాలు, పనికొచ్చే మాటలు. టీచరుగా చూస్తే మంచి పాఠమే. కానీ మొదటి నుంచి చివరిదాకా ఆ కూలీ ఎవరినీ ఒక్క ప్రశ్న అడగడు.

దాదాపు అదే దశాబ్దంలో న్యూయార్కులో, ఆడవాళ్ల దుస్తులు కుట్టే కార్మికుల యూనియన్ వేరే దారి పట్టింది. 1911లో ట్రయాంగిల్ ఫ్యాక్టరీ అగ్నిప్రమాదంలో 146 మంది చనిపోయిన ఊరు అది. అక్కడి కుట్టు కార్మికుల్లో ఎక్కువమంది యూదు, ఇటాలియన్ వలస స్త్రీలు. 1910ల చివర్లో యూనియన్ వాళ్లకోసం 'యూనిటీ సెంటర్లు' తెరిచింది. సాయంత్రం పూట ప్రభుత్వ బడి గదులు, ఇంగ్లీషు టీచర్లు నగర విద్యాబోర్డు నుంచి, విద్యార్థులు యూనియన్ నుంచి. ఇవాళ మనం కాలేజీ-యూనియన్ భాగస్వామ్యం అంటున్నదాని నమూనా అదే.

ఈ రెండు దారులూ ఇప్పటికీ ఉన్నాయి, చాలాసార్లు ఒకే క్లాసులో ఉంటాయి. డబ్బిచ్చే చట్టాల భాష చూస్తే తెలుస్తుంది. 1988లో అమెరికా కేంద్ర ప్రభుత్వం పనిచోటి అక్షరాస్యతకు ఒక ప్రత్యేక పథకం పెట్టి, విద్యాసంస్థ ఒక్కటే వస్తే గ్రాంటు ఇవ్వం, కంపెనీతోనో యూనియన్‌తోనో కలిసి రావాలంది. తొంభైల మధ్యలో ఆ పథకం ఆగిపోయింది. ఇప్పుడున్న 2014 చట్టం కూడా యజమానితోగానీ ఉద్యోగుల సంఘంతోగానీ కలిసి నడిపే క్లాసుల్ని గుర్తిస్తుంది, అయితే వాటి ఉద్దేశం ఉత్పాదకత పెంచడం అని రాస్తుంది. ఆ ఒక్క మాటే క్లాసును కూత వైపు లాగుతుంది. ఇటు లాగడానికి ఇంకొకరు లేకపోతే క్లాసు అటే పోతుంది.

సరే, పనిలోకి వద్దాం. మొదట డబ్బూ గంటలూ. పాఠం ఎలా చెప్పాలన్నది తర్వాత. ఎందుకంటే ఇలాంటి క్లాసులు చచ్చిపోయేది బోర్డు దగ్గర కాదు, టైంటేబుల్ దగ్గర.

1947 నాటి టాఫ్ట్-హార్ట్‌లీ చట్టం ప్రకారం యాజమాన్యం యూనియన్‌కు నేరుగా డబ్బివ్వకూడదు. కానీ శిక్షణ కోసం ఒక ట్రస్టు పెట్టి, అందులో ఇద్దరి ప్రతినిధులూ సమానంగా ఉంటే, దానికి ఇవ్వొచ్చు. కంపెనీకీ యూనియన్‌కూ మధ్య ఒప్పందంలో 'పనిచేసిన ప్రతి గంటకూ ఇన్ని సెంట్లు' అని రాసుకుంటారు. లెక్క చూడండి. 400 మంది, మనిషికి ఏడాదికి 2,000 గంటలు, గంటకు 5 సెంట్లు అనుకుంటే ఏడాదికి 40,000 డాలర్లు. ఒప్పందం గదిలో ఐదు సెంట్లంటే ఎవరూ పెద్దగా కొట్లాడరు. మొత్తం చూస్తే ఒక చిన్న బడి నడపొచ్చు.

ఇప్పుడు ఖర్చు. 15 మంది క్లాసు, వారానికి 3 గంటలు, 17 వారాలు, మొత్తం 51 గంటలు. టీచరుకు పాఠం తయారీకి ఇంకో 25 గంటలు. గంటకు 45 డాలర్ల చొప్పున వేసుకుంటే 3,420 డాలర్లు. ఇక కార్మికుల గంటలు: 15 మంది, 51 గంటలు, అంటే 765. గంట కూలీ 20 డాలర్లయితే 15,300. సగం కంపెనీ, సగం కార్మికుడి సొంత సమయం అనుకున్నా 7,650. టీచరు జీతానికి రెండు రెట్లకు పైనే. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు టీచరు జీతం, పుస్తకాల ఖర్చు లెక్కేసుకుని వస్తారు. అసలు బరువు అక్కడ లేదు. ఆ 7,650 ట్రస్టు భరిస్తే 40,000 డాలర్లు మూడు క్లాసులకే సరిపోతాయి. కంపెనీ నేరుగా భరించేట్టు ఒప్పందంలో రాయించుకుంటే అదే డబ్బుతో అంతకు మూడు రెట్లకు పైనే నడపొచ్చు. ఆ వాక్యం రాయించగలిగేది యూనియన్ ఒక్కటే. ఎంత మంచి కాలేజీ అయినా ఆ పని చేయలేదు.

'సగం-సగం' అన్నది ఇలా నడుస్తుంది. హౌస్‌కీపింగ్ షిఫ్టు ఉదయం ఎనిమిది నుంచి నాలుగున్నర. క్లాసు మూడున్నర నుంచి ఐదున్నర. మొదటి గంట కంపెనీది, రెండోది గదులు సర్దే ఆమెది. కాగితం మీద ముచ్చటగా ఉంటుంది. మూడో వారానికి సగంమంది రారు. కారణం అడిగితే 'ఆసక్తి లేదండీ' అంటుంది యాజమాన్యం. వెళ్లి చూస్తే ఆమెకు రోజుకు 14 గదులు. గంట ముందు వదిలారుగానీ గదులు 14 గానే ఉంచారు. ఎనిమిది గంటలకు 14 గదులంటే గదికి 34 నిమిషాలు, గంట పోతే దాదాపు రెండు గదులు పోవాలి. అందుకే ఒప్పందంలో 'క్లాసున్న రోజు రెండు గదులు తగ్గించాలి' అని అంకెతో రాయాలి. 'వీలైనంత సహకరిస్తాం' అని రాస్తే ఆ వీలు ఎప్పటికీ రాదు. ఆ రెండు గదులూ పక్కామె నెత్తిన పడకూడదన్నదీ రాయాలి. లేకపోతే చదువుకునేవాళ్ల మీద తోటివాళ్లకే కోపం వస్తుంది. ఈ రెండోది చాలామంది మర్చిపోతారు.

జీతం విషయంలో చట్టం కూడా తెలిసుండాలి. కనీస వేతన చట్టం నిబంధనల ప్రకారం శిక్షణ గంటలకు జీతం ఇవ్వక్కర్లేదనాలంటే నాలుగూ కలవాలి: పని వేళల బయట జరగాలి, రావడం ఇష్టప్రకారమై ఉండాలి, ఉద్యోగానికి నేరుగా సంబంధం ఉండకూడదు, ఆ సమయంలో ఏ పనీ చేయించకూడదు. ఇంకో మినహాయింపుంది. బయటి విద్యాసంస్థలు చెప్పే కోర్సులాంటిది కంపెనీ పెట్టి, ఉద్యోగి తన ఇష్టంతో పని వేళల బయట హాజరైతే, పనికి సంబంధం ఉన్నా అది జీతం గంటల్లోకి రాదు. కాలేజీ సిలబస్ ఉండటం ఇక్కడ పనికొస్తుంది. కానీ సూపర్‌వైజరు 'నువ్వు తప్పక వెళ్లాలి' అన్నాడా, ఇష్టప్రకారం అన్నది పోయింది, మొత్తం గంటలకు జీతం లెక్కకట్టాల్సిందే. వారం 40 దాటితే ఒకటిన్నర రెట్లు కూడా. ఇంగ్లీషు రాదని శిక్షగా క్లాసుకు పంపే అలవాటున్నచోట ఈ నిబంధన గుర్తుచేస్తే అలవాటు పోతుంది.

కాలేజీ వైపు ఇబ్బందులు వేరు. కాలేజీకి సెమిస్టరుంటుంది, హోటలుకు సీజనుంటుంది, రెండూ కలవవు. కనీసం పదిహేను ఇరవై మంది చేరకపోతే సెక్షన్ రద్దుచేస్తామంటారు. రాత్రి పదకొండుకు పారిశుద్ధ్య కార్మికుల క్లాసంటే టీచర్ల జాబితాలో ఎవరూ ముందుకు రారు. వీటిలో అన్నిటికంటే గమ్మత్తైనది పరీక్షల లెక్క. ప్రభుత్వ డబ్బు వాడే క్లాసుల్లో మొదటా చివరా గుర్తింపు పొందిన పరీక్ష పెట్టి ప్రగతి చూపించాలి. బాగా వాడే కాసాస్ పరీక్షలో మొదటిదానికీ రెండోదానికీ మధ్య కనీసం 40 గంటల పాఠం ఉండాలి, 70 నుంచి 100 ఉంటే మంచిదంటారు. ముఖాముఖి మాట్లాడించి మార్కులేసే బెస్ట్ ప్లస్ పరీక్షకు కనీసం 60. ఇప్పుడు ఎవరో ఉత్సాహంగా 12 వారాలు, వారానికి 3 గంటలు అని పెడతారు. 36 గంటలు. క్లాసు బ్రహ్మాండంగా జరుగుతుంది, రెండో పరీక్షకు ఒక్కరికీ అర్హత రాదు, రికార్డులో ప్రగతి సున్నా, మరుసటి ఏడు గ్రాంటు కోత. నేను ఇందాక 17 వారాలన్నది అందుకే. 51 గంటల్లో నూటికి 80 వంతులు హాజరైతే 40 దాటుతుంది. బెస్ట్ ప్లస్ అయితే రెండు విడతల్ని కలిపి ఒకటిగా నమోదుచేయాలి.

మార్కుల గురించి ఇంకొక్క మాట. ఎవరి మార్కులు ఎన్నో కంపెనీకి వెళ్లకూడదు. మొత్తం ఎంతమంది చేరారు, ఎన్ని గంటలు నడిచింది, సగటున ఎంత పెరిగింది, అంతవరకే. అవగాహనపత్రంలో మొదటి పేజీలోనే రాయించుకోండి. చేరిక ఫారంలో సోషల్ సెక్యూరిటీ నంబరు (అక్కడి ప్రభుత్వ గుర్తింపు సంఖ్య) అడిగే గడి ఉంటే ఖాళీగా వదలొచ్చని కార్మికుల భాషలో ముందే చెప్పాలి. ఆ గడి చూసి లేచి వెళ్లిపోయినవాళ్లు తిరిగి రారు.

ఇక పాఠం. పుస్తకం కొనడానికి ముందు రెండు మూడు వారాలు పనిచోట తిరగాలి. అన్ని షిఫ్టుల్లోనూ. అక్కడ చేతికొచ్చే ప్రతి కాగితం కాపీ తీసుకోవాలి: సెలవు ఫారం, గదుల జాబితా, రసాయనాల డబ్బాల మీది లేబుళ్లు, గాయం నమోదు ఫారం, జీతం చీటీ, యూనియన్ ఒప్పందం. తర్వాత ముగ్గురిని విడివిడిగా అడగాలి, సూపర్‌వైజరునీ, స్టీవార్డునీ (పనిచోట ఉండే యూనియన్ ప్రతినిధి), కార్మికుల్నీ. కార్మికుల్ని వాళ్ల భాషలోనే అడగాలి. 'మీకు ఇంగ్లీషు ఎందుకు కావాలి' అంటే అందరూ మర్యాదగా 'మంచిది కదండీ' అంటారు. 'ఈ నెలలో ఎప్పుడైనా ఏదో చెప్పబోయి చెప్పలేక ఊరుకున్నారా' అని అడగండి. అప్పుడు పాఠాలు దొరుకుతాయి.

ముగ్గురి జవాబులూ కలవవు, కలవకపోవడమే మనకు కావలసింది. సూపర్‌వైజరు 'చెప్పింది అర్థంకాదు వీళ్లకు' అంటాడు. కార్మికులు 'వాకీటాకీలో గరగర తప్ప ఏమీ వినపడదు' అంటారు. వెళ్లి వింటే ఇంగ్లీషులోనే పుట్టి పెరిగినవాళ్లకూ వినపడదు. అది కొత్త సెట్లు కొంటే తీరే సమస్య, దానికి క్లాసెందుకు? గాయం ఫారం లాయరు భాషలో ఉంటే ఫారం మార్చాలి. అర్థంకాని ప్రతిదానికీ ఇంగ్లీషు లేకపోవడమే కారణమనుకోవడం యాజమాన్యానికి సుఖం. టీచరు దానికి తలూపకూడదు.

తలూపడం అన్నాను కదా. ఈ క్లాసుల్లో మొదటి పాఠం నా లెక్కన అదే. అర్థంకాకపోయినా 'యస్, ఓకే' అని తల ఊపడం. మనవాళ్ల తల ఊపు సంగతి చెప్పనక్కర్లేదు, అది అవునో కాదో అమెరికావాడికి ఏనాటికీ తేలదు. (నవ్వులు) ఊపడానికి కారణం తెలివితక్కువతనం కాదు, రెండోసారి అడిగితే విసుక్కుంటారన్న భయం. అందుకని తిరిగి అడగడాన్ని ఒక పనిముట్టులా చేతికివ్వాలి. 'సారీ, ఐ డోంట్ అండర్‌స్టాండ్' సరిపోదు, అది తలుపు మూసేస్తుంది. విన్నంతవరకూ చెప్పి మిగతాది అడగాలి: "యూ వాంట్ మీ టు డూ ట్వెల్వ్ ఫిఫ్టీన్ ఫస్ట్?" ముందు 1215 గది చేయమంటారా అని. అలా అడిగితే సూపర్‌వైజరుకూ తను సరిగ్గా చెప్పలేదేమో అన్న అనుమానం వస్తుంది.

ఆ ఫిఫ్టీన్ దగ్గర ఆగాలి. ఫిఫ్టీన్-ఫిఫ్టీ, థర్టీన్-థర్టీ. గది నంబర్లన్నీ ఇవే. తప్పు గదిలోకి వెళ్తే అతిథి అరుస్తాడు, ఫిర్యాదు కాగితం మీదికెక్కుతుంది. తేడా చివరి 'న్'లో ఉందని చాలామంది నేర్పుతారు. వేగంగా మాట్లాడేటప్పుడు ఆ 'న్' వినపడదు. మాటలో ఏ భాగాన్ని నొక్కి పలుకుతారన్నదే గుర్తు: ఫిఫ్టీలో ముందు, ఫిఫ్టీన్‌లో వెనక. తెలుగులో ఆ నొక్కు మార్చితే మాట మారిపోదు కాబట్టి మన చెవి దాన్ని పట్టుకోదు, విడిగా అలవాటు చేయాలి. దానికితోడు 'వన్-ఫైవ్ ఆర్ ఫైవ్-జీరో?' అని విడదీసి అడగడం నేర్పాలి. ఉచ్చారణ కుదరడానికి నెలలు పడుతుంది, ఈ ప్రశ్న ఇవాళే పనికొస్తుంది.

ఆసుపత్రుల్లో చదవడం ముఖ్యం. మంచం దగ్గర 'ఎన్‌పీఓ' అని ఉంటుంది. లాటిన్ మాటల పొడి అక్షరాలు, నోటి ద్వారా ఏమీ ఇవ్వొద్దని. మామూలు ఇంగ్లీషు తెలిసినంత మాత్రాన అర్థంకాదు. మింగడం కష్టమైన రోగికి నీళ్లు కూడా చిక్కచేసి ఇవ్వాలి, ఏ మేరకు చిక్కగా అన్నది ట్రే చీటీ మీద ఉంటుంది. అది తప్పితే మనిషి ఊపిరితిత్తుల్లోకి నీరు పోవచ్చు.

రసాయనాల లేబుళ్ల పాఠం అందరూ పెడతారు. డేంజర్ అంటే వార్నింగ్ కంటే ఎక్కువ ప్రమాదం, బ్లీచును అమ్మోనియాతో కలపొద్దు, యాసిడ్ ఉన్న టాయిలెట్ క్లీనర్‌తో అసలే కలపొద్దు, క్లోరిన్ వాయువు వస్తుంది. మంచిదే. ఒక్క హెచ్చరిక. భద్రతా శిక్షణ కార్మికుడికి అర్థమయ్యే భాషలో ఇవ్వడం యజమాని బాధ్యత అని అక్కడి కార్మిక భద్రతా సంస్థ ఓషా 2010లో స్పష్టంగా చెప్పింది. 'ఇంగ్లీషు క్లాసు పెట్టాంగా' అని ఆ బాధ్యత తప్పించుకోనివ్వకూడదు. బ్లీచు గురించి స్పానిష్‌వాళ్లకు స్పానిష్‌లో, తెలుగువాళ్లకు తెలుగులో ముందు తెలియాలి. ఇంగ్లీషు మాట తర్వాత నేర్చుకుంటారు. ఇదే లెక్క మన హైదరాబాద్ భవన నిర్మాణాల దగ్గరా వర్తిస్తుంది. ఒడిశా నుంచి, బిహార్ నుంచి వచ్చిన కూలీకి ఇంగ్లీషు బోర్డుతో పనేమిటి?

గాయం చెప్పడం ఇంకో పాఠం. 'మై బ్యాక్ హర్ట్స్' అంటే నడుం నొప్పి, ఇంట్లో వచ్చిందో ఎక్కడ వచ్చిందో. 'ఐ హర్ట్ మై బ్యాక్ టుడే ఎట్ టెన్, లిఫ్టింగ్ ద మ్యాట్రెస్ ఇన్ ట్వెల్వ్ టెన్' అంటే పనిలో తగిలిన గాయం. ఎప్పుడు, ఎక్కడ, ఏం చేస్తుండగా. నష్టపరిహారం మొత్తం ఈ రెండు వాక్యాల మధ్య తేడా మీద నడుస్తుంది. భూతకాలం నేర్పడానికి ఇంతకంటే మంచి సందర్భం ఏ వ్యాకరణ పుస్తకంలోనూ లేదు. మనం బళ్లో యాక్టివ్ వాయిస్‌ను ప్యాసివ్‌లోకి మార్చీ మార్చీ నేర్చుకున్నవాళ్లం, ఆ అలవాటు క్లాసులోకి తీసుకెళ్లకండి.

ఇక అన్నిటికంటే ముఖ్యమనిపించేది వైన్‌గార్టెన్ హక్కు. 1975 నాటి సుప్రీంకోర్టు తీర్పు. యూనియన్ ఉన్నచోట, ఒక విచారణ తనమీద క్రమశిక్షణ చర్యకు దారితీస్తుందని ఉద్యోగికి సహేతుకమైన అనుమానం ఉంటే తన ప్రతినిధిని పిలిపించుకోవచ్చు. అయితే యజమాని తనంతట తాను చెప్పక్కర్లేదు. ఉద్యోగి నోరు తెరిచి అడగాలి. అడగకపోతే హక్కు లేనట్టే. ఇలాంటి హక్కులు అరుదు, మాట మీదే ఆధారపడినవి. "ఐ వాంట్ మై యూనియన్ రెప్రజెంటేటివ్" అన్న ఐదు మాటలు ఒత్తిడిలో, ముగ్గురు మేనేజర్ల ముందు, కూర్చోమన్న కుర్చీలోంచి రావాలి. వాక్యం కంఠస్థం చేయిస్తే రాదు. టీచరు మేనేజరుగా నటించి 'చిన్న విషయమే, సంతకం పెట్టేసి వెళ్లు' అని నచ్చజెప్పాలి. విద్యార్థి మూడుసార్లు అదే మాట మర్యాదగా, గొంతు మారకుండా చెప్పాలి. నాలుగు వారాల పాటు ప్రతి క్లాసు చివర ఐదు నిమిషాలు చాలు.

'ఇది యూనియన్ ప్రచారం కదా' అని కంపెనీవాళ్లంటారు. ఒప్పందం మీద వాళ్ల సంతకం కూడా ఉంది కదా, అది ఇద్దరి కాగితం. అయితే యూనియన్ వైపు తప్పు కూడా చెప్పాలి. క్లాసును సభగా మార్చే సరదా కొందరికి ఉంటుంది. టీచరు బోర్డు దగ్గర నిలబడి ఉండగా నాయకుడొచ్చి ఇరవై నిమిషాలు సమ్మె గురించి మాట్లాడతాడు. చదువుకోవడానికొచ్చిన ఆమె సొంత గంట అది, పిల్లల్ని ఎవరికో అప్పగించి వచ్చింది. రెండుసార్లు అలా జరిగితే మూడోసారి రాదు. ప్రకటనలకు చివరి మూడు నిమిషాలు, అంతే.

క్లాసు గది కూడా ఊరికే వదిలేయకండి. హెచ్‌ఆర్ డిపార్ట్‌మెంటు పక్క గది ఇస్తే ఎవరూ నోరు విప్పరు. క్యాంటీన్‌లో ఫ్రిజ్ మోత. కాలేజీకి రమ్మంటే బస్సులో గంట. ఉద్యోగుల లాకర్లకు దగ్గర్లో తలుపు వేసుకునే గది దొరికితే సగం పని అయినట్టే.

ఇక్కడితో ఆపి ప్రశ్నలు తీసుకుంటాను.

(ఒకరు: ఇంత చదివితే జీతం పెరుగుతుందా?)

దానంతట అది పెరగదండీ. మొదటి మెట్టు నుంచి కాలేజీ పాఠం అర్థమయ్యే స్థాయికి రావడానికి వారానికి మూడు గంటల లెక్కన ఏళ్లు పడుతుంది. ఆ మాట మొదటిరోజే చెప్పాలి. పై ఉద్యోగాల ఖాళీలు ముందు లోపలివాళ్లకు చూపాలని ఒప్పందంలో ఉండి, ఆ ఉద్యోగానికి కావలసిన ఇంగ్లీషేదో క్లాసులో ఉంటే అప్పుడు మెట్టు ఎక్కుతారు. లాస్ వెగాస్‌లో 1993 నుంచి నడుస్తున్న కలినరీ అకాడమీ, కాలిఫోర్నియాలో పారిశుద్ధ్య కార్మికుల కోసం 2007లో మొదలైన బిల్డింగ్ స్కిల్స్ పార్ట్‌నర్‌షిప్ లాంటివి యూనియనూ యజమానులూ కలిసి పెట్టుకున్నవి. అక్కడ శిక్షణ, ఉద్యోగం ఒకే బల్ల దగ్గర మాట్లాడుకోగలరు.

(ఒకరు: మనవాళ్లు పనిచేసే గ్యాస్ స్టేషన్లలో, స్టోర్లలో యూనియన్లే లేవు. అక్కడేం చేయాలి?)

జీతంతో గంట దొరకదు, అది ఒప్పుకోవాలి. వైన్‌గార్టెన్ హక్కు కూడా ప్రస్తుతం యూనియన్ ఉన్నచోటే. కానీ కలిసి జీతం, పని పరిస్థితుల గురించి మాట్లాడుకోవడానికి చట్టరక్షణ యూనియన్ లేకపోయినా చాలామందికి ఉంది. క్లాసు లైబ్రరీలో పెట్టుకోండి. కాలిఫోర్నియాలో అయితే కమ్యూనిటీ కాలేజీ నాన్‌క్రెడిట్ (డిగ్రీ లెక్కలోకి రాని) ఇంగ్లీషు ఉచితం. కాగితాలు పోగుచేయడం, గాయం చెప్పడం, తిరిగి అడగడం, ఇవేవీ యూనియన్ లేదని ఆగక్కర్లేదు.

(ఒకరు: మన యాసతో మనం నేర్పితే తప్పు నేర్చుకోరా?)

'సింక్'ను 'సింకు', 'లీక్'ను 'లీకు' అని చివర అచ్చు చేర్చడం మనకుంది, కొంచెం జాగ్రత్తపడితే చాలు, ఎవరికీ అర్థంకాకుండా పోదు. మాట్లాడటం కంటే వినడం దగ్గరే కష్టం. విద్యార్థి రోజూ వినేది టీచరు గొంతు కాదు, తన సూపర్‌వైజరు గొంతు. అందుకని ఆ సూపర్‌వైజరు అనుమతి తీసుకుని, రోజూ చెప్పే పది ఆదేశాలు ఆయన గొంతులోనే రికార్డు చేయించండి. ఒకసారి ఎదురుగా నిలబడి, ఒకసారి వాకీటాకీలో. రెండోది క్లాసులో వినిపించినప్పుడు ఆయన్నీ కూర్చోబెట్టండి. సెట్లు మారతాయేమో చూద్దాం. (నవ్వులు)